పందెంలో కరెంటు కారు

పొలం గట్టున డీజిలు ఇంజనును మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని లేపడం చిన్న పని కాదు. హ్యాండిలు పెట్టి బలంగా తిప్పాలి. మొదట దగ్గుతుంది, పొగ కక్కుతుంది, కాసేపు మొరాయించి ఆ తరవాత దారిలో పడుతుంది. పక్క చేలో కరెంటు మోటారు ఉన్నదనుకోండి. మీట నొక్కడమే తడవు, గిర్రున తిరుగుతుంది. లేచే క్షణాన అది ఎంత కరెంటు లాగుతుందంటే, ఒక్కొక్కప్పుడు దగ్గరలో ఉన్న దీపం మినుక్కుమంటుంది కూడా.

పెట్రోలు కారుకూ, కరెంటు కారుకూ ఉన్న తేడా కూడా ఇలాటిదే. పెట్రోలు ఇంజనులో గాలీ, పెట్రోలూ కలవాలి, నిప్పురవ్వ పడాలి, మంట పుట్టాలి, ఆ మంట పిస్టనును తొయ్యాలి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం తక్కువ. అందుకే గేర్లు పెట్టారు. కరెంటు మోటారుకు ఆ బాధ లేదు. కదిలీ కదలకముందే దాని బలమంతా చక్రాల మీద ఉంటుంది.

“అయితే రెంటికీ పందెం పెడితే ఏది నెగ్గుతుంది?” అని గదా మీ ప్రశ్న! శ్రీకాకుళంలో అడిగినా, విజయనగరంలో అడిగినా పిల్లలు రెండు జట్లుగా చీలిపోయే ప్రశ్న ఇది.

ఒక విచిత్రం చెబుతాను. భూమి మీద గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు, కరెంటుది! 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గర కామీ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు చుట్ట ఆకారంలో ఉన్న కారెక్కి గంటకు దాదాపు 106 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ కారు పేరు “లా జమే కోంతాంత్”. అంటే “ఎన్నటికీ తృప్తి పడనిది” అని అర్థం. పేరు మటుకు బాగా కుదిరింది.

మరి అంత ముందున్న కరెంటు కారు వెనకబడిపోవడానికి కారణం దాని బరువు. మీ ఇంటికి వచ్చే కరెంటు బిల్లులో యూనిట్లు ఉంటాయి గదా, ఆ లెక్కలోనే చూడండి. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి దాగి ఉన్నది. “ఫార్ములా ఇ” అనే కరెంటు కార్ల పందేలలో 2023లో పరుగెత్తిన కారు బ్యాటరీలో వాడుకోదగిన శక్తి 40 యూనిట్లకు లోపే. అంటే అయిదు లీటర్ల పెట్రోలుకు కూడా సరిరాదు! ఆ అయిదు లీటర్లూ నాలుగు కిలోలు తూగవు, బ్యాటరీ బరువు చూస్తే రెండున్నర క్వింటాళ్లకు పైమాటే.

అయితే మామూలు పెట్రోలు కారు తాగినదాంట్లో మూడింట రెండు వంతుల పైగా వేడిగా పారబోస్తుంది. కరెంటు మోటారు నూటికి తొంభై పాళ్లు పనిలో పెడుతుంది. ఆ పొదుపే లేకపోతే కరెంటు కారు పందెం మొహం చూసేది కాదు. అప్పటికీ, 2014లో ఈ పందేలు మొదలైన కొత్తలో బ్యాటరీ సగం పందేనికే చాలేది. డ్రైవరు మధ్యలో ఆగి, ఒక కారులోంచి దిగి, రెండో కారులోకి ఉరికేవాడు! 2018 వేసవి దాకా ఇదే తంతు. ఆ ఏడాది చివర కొత్త కార్లు వచ్చాకనే ఒక్క బ్యాటరీతో పందెం ముగించడం సాధ్యమైంది.

ఈ పందెం ఒకసారి మన తెలుగు గడ్డ మీద కూడా జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, రోజూ బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్లనే కట్టడి చేసి 2.8 కిలోమీటర్ల బాట తయారుచేశారు. దానికి 18 మలుపులు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ మొదటివాడుగా వచ్చాడు. న్యూజిలాండుకు చెందిన నిక్ కేసిడీ అతని వెనకనే వచ్చాడు. ఇద్దరికీ మధ్య తేడా అర సెకను లేదు.

ఈ గెలుపులో అసలు సంగతి వేగం కాదు. చివరి రౌండ్లలో వెర్న్ దగ్గర మిగిలిన కరెంటు, కేసిడీ దగ్గర ఉన్నదానికన్నా తక్కువ. పైగా ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకవాడికి ఆ శ్రమ తగ్గుతుంది. వెర్న్ దారి ఇవ్వకూడదు, అలాగని కరెంటు ఖర్చు పెట్టకూడదు. జేబులో నాలుగు రూపాయలతో సంత అంతా తిరిగి రావలసినవాడి అవస్థ! ఇలాటప్పుడు డ్రైవర్లు చేసే పని, మలుపు ఇంకా దూరంగా ఉండగానే కాలు ఎత్తేసి, ఊపు మీద బండిని పోనిచ్చి, తరవాత బ్రేకు వెయ్యడం.

ఆ బ్రేకులో మరో కిటుకు ఉన్నది. మోటారుకు కరెంటు ఇస్తే చక్రం తిరుగుతుంది. అదే చక్రం మోటారును తిప్పితే కరెంటు పుడుతుంది. తాతగారి పాత సైకిలుకు డైనమో ఉంటే ఒకసారి చక్రానికి ఆనించి తొక్కి చూడండి, తొక్కుడు బరువెక్కుతుంది. ఆ బరువే బ్రేకు! ఆ ఏడాది పందెం కార్లలో ముందు చక్రాలకున్న మోటారు బండిని తోసేది కాదు, బ్రేకు వేసినప్పుడు కరెంటు పిండడమే దాని పని. పందెంలో వాడిన శక్తిలో నూటికి నలభై పాళ్ల దాకా ఇలా తిరిగి వచ్చిందేనని నిర్వాహకుల లెక్క.

ఇది చూడటానికి హైదరాబాదు దాకా పోనక్కరలేదు. శృంగవరపుకోట నుంచి అరకు ఘాటు రోడ్డెక్కి దిగే బస్సులో, బ్రేకులు కాలిన వాసన మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ వేడంతా దండగే. అదే కొండల మీదుగా కిరండూలు నుంచి ఇనుపరాయి నింపుకుని కొత్తవలసకు దిగే రైలు మార్గం ఉన్నది. అది కరెంటు లైను. ఈనాటి త్రీఫేజు కరెంటు ఇంజన్లు బరువుతో దిగేటప్పుడు పుట్టిన కరెంటును పైనున్న తీగలోకి తిరిగి పంపగలవు. కారుకు పైన తీగ లేదు గనక, వచ్చింది బ్యాటరీలోకే పోవాలి.

కొండ మాట వచ్చింది గనక ఇంకొకటి. అమెరికాలో పైక్స్ పీక్ అనే కొండ మీదికి కార్ల పందెం జరుగుతుంది. దారి పొడవు 20 కిలోమీటర్లు, మలుపులు 156, శిఖరం ఎత్తు 4,300 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు! అంత ఎత్తున గాలి నూటికి నలభై పాళ్లు పలచన. పెట్రోలు ఇంజనుకు మనలాగే ఊపిరి కావాలి గనక ఆయాసపడుతుంది. మోటారుకు ఊపిరితో పని లేదు. 2018లో రొమెన్ డ్యూమా ఫోక్స్‌వాగన్ వారి కరెంటు కారులో 7 నిమిషాల 57 సెకన్లలో పైకి చేరాడు. 2013లో పెట్రోలు కారు నెలకొల్పిన రికార్డు 8 నిమిషాల 13 సెకన్లు.

ఇంకేం, పెట్రోలు పని అయిపోయిందని కరెంటు జట్టువారు చప్పట్లు కొట్టకండి. అదే కరెంటు కారును 2019లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ అనే 20 కిలోమీటర్ల పైచిలుకు బాట మీద పరుగెత్తిస్తే 6 నిమిషాల 5 సెకన్లు పట్టింది. అక్కడ అంతకు ముందు ఏడాదే ఒక పోర్షె కారు 5 నిమిషాల 19 సెకన్లలో చుట్టి వచ్చింది. అది పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న బండి!

మామూలు కరెంటు కారును పందెం బాట మీదికి తీసుకుపోతే మొదటి రౌండులో చాలా పెట్రోలు కార్లను వెనక్కి నెడుతుంది. కాని గట్టిగా నడిపితే కొద్ది రౌండ్లకే బ్యాటరీ వేడెక్కుతుంది. వెంటనే కారు తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. బరువు మూలాన టైర్లూ త్వరగా అరుగుతాయి. ఫ్రాన్సులో ల మాన్ అనే చోట 24 గంటలు ఆగకుండా సాగే పందెం ఉన్నది. అక్కడ బండి ఆగితే నిమిషం లోపల ట్యాంకు నిండిపోతుంది. బ్యాటరీని అంత త్వరగా నింపే ఉపాయం దొరికిననాడు ఆ పందెంలో కూడా ఈ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూడవచ్చు.