నిలిచిన లారీ, నిలువని వాయిదా

2019లో వ్యాపారమాంద్యము సోకినపుడు, ఆ సెప్టెంబరున ఎన్నూరు అశోక్ లేలాండు కర్మాగారమునకు 16 పనిలేని దినములు ప్రకటితమయ్యెను. పట్టణమందలి మనవారు దానిని వాహనపరిశ్రమ కష్టముగానే చదివిరి. 1960 వఱకు చిత్తూరు జిల్లాలోనిదైన తిరుత్తణినుండి తిరువళ్ళూరు మీదుగా సరకు తెచ్చు లారీడ్రైవరును తలఁచినవారు అరుదు.

2018 జూలైలోనే లారీల బరువు పరిమితి నూటికి 20 మొదలు 25 వఱకు పెంపఁబడెను. ఐదు లారీల సరకును నాలుగే మోయఁగా, ఐదవదాని డ్రైవరుకు మిగిలినవి మూడు దారులు: బాడుగకై కాచియుండుట, గిట్టని బాడుగకు ఒప్పుకొనుట, దొరికిననాఁడు నిద్రమాని నడపుట.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనియే విధించెను. అయితే ఐదుగురు కార్మికులైనను లేని సంస్థ, రాష్ట్రప్రభుత్వము ప్రత్యేకముగా వర్తింపఁజేసిననే తప్ప, 2025లో రద్దగువఱకు ఆ చట్టమునకు వెలుపలిదిగానే యుండెను. సొంతలారీ నడుపుకొనువానికి అప్పువాయిదాయే యజమాని.

2020లో రిజర్వుబ్యాంకు మార్చి మొదలు ఆగస్టు వఱకు వాయిదాలను నిలుపుటకు బ్యాంకులకు అనుమతి నొసఁగెను. వ్యాధివేళ చెల్లిన న్యాయము మాంద్యవేళ ఏల చెల్లరాదు? వాయిదా నిలిపిన వడ్డీ పెరుగుననుట నిజమే. నిద్రలేని చక్రము క్రింద పోవు ప్రాణముల వెల అంతకంటె అధికము. సరకులేక లారీ నిలిచిననాఁడు వాయిదాయు నిలువవలయునని మేము ప్రభుత్వమునకు విన్నవించుచున్నాము.