మిక్సీకున్న కార్డు అత్తమ్మ తుంటికి లేదు

మా బీరువాలో ఒక పాత స్వీట్ల డబ్బా ఉంది. మిక్సీ వారంటీ కార్డు, ఫ్రిజ్ బిల్లు, ఇన్వర్టర్ బ్యాటరీ కార్డు అన్నీ అందులోనే. మా అత్తమ్మ ఒంట్లో ఎనిమిదేళ్లుగా ఉన్న తుంటి కీలు ఏ కంపెనీదో చెప్పే కాగితం ముక్క మాత్రం అందులో లేదు.

వాకిలి ఊడుస్తూ జారిపడి ఆమె తుంటి విరిగింది. కొండగట్టు నుంచి కరీంనగర్ తీసుకుపోయినం. "లోకల్‌ది వేద్దామా, ఇంపోర్టెడ్‌ది వేద్దామా?" అని ఆస్పత్రి వరండాలో అడిగారు. మా ఆయన, బావగారు అయిదు నిమిషాల్లో తేల్చేశారు: ఖరీదైనదే మంచిది. కీలు ఎవరి ఒంట్లోకి పోతుందో ఆమెను ఎవరూ అడగలేదు. నేను ఫ్లాస్కులో చాయ్ పోస్తున్నాను. నేనూ అడగలేదు. ఆ తప్పు నాది.

నిరుడు ఆమెకు గజ్జల్లో నొప్పి మొదలైంది. కొత్త డాక్టర్ ఎక్స్‌రే చూసి, "ఏ కంపెనీదమ్మా, సైజెంత?" అన్నాడు. డిశ్చార్జ్ కాగితంలో తుంటి మార్పిడి చేశామని ఒక్క ముక్కే ఉంది. పాత ఆస్పత్రికి రెండుసార్లు తిరిగినా జవాబు రాలేదు. కాడ, బంతి, గిన్నె, దాని లోపలి ప్లాస్టిక్ పొర, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. పేరు తెలిస్తే అరిగినదొక్కటే మార్చే వీలుంటుంది. తెలియకపోతే బాగున్నదాన్ని కూడా పీకాల్సి రావచ్చు.

ఇది మా ఇంటి గోడు మాత్రమే అనుకోకండి. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి కీలు అమ్మింది. లోహపు గిన్నెలో లోహపు బంతి. రెండూ రాసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి. ఇలాంటి లోహపు కీళ్లు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే ఎక్కువగా చెడిపోయాయి. ఆస్ట్రేలియాలో ప్రతి కీలు మార్పిడినీ రాసిపెట్టే రిజిస్ట్రీ ఉంది కాబట్టి లోపం ముందే కనబడింది, 2009 డిసెంబరులో అక్కడ అమ్మకం ఆగింది. ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది 2010 ఆగస్టులో. మన దేశంలో దాదాపు 4,700 మందికి అది వేశారు. కేంద్రం కమిటీ వేసింది 2017లో. దాదాపు 3,600 మంది జాడే దొరకలేదు. 2018లో 30 లక్షల నుంచి 1.23 కోట్ల దాకా పరిహారం లెక్క కట్టారు. తన ఒంట్లో ఏముందో తెలియని మనిషి ఆ పరిహారం ఎట్లా అడుగుతుంది?

అది కూడా ఇంపోర్టెడే, కొత్తదే, ఖరీదైనదే!

"ఇరవై ఏళ్లు గ్యారంటీ" అన్నమాట మా వరండాలోనూ వినబడింది. రిజిస్ట్రీలను కూర్చి 2019లో వేసిన లెక్క ప్రకారం నూటికి 89 కీళ్లు పదిహేనేళ్లు, 70 ఇరవై ఏళ్లు, 58 పాతికేళ్లు నిలుస్తాయి. మంచి సంగతే. కానీ అది వందమంది లెక్క. మీ అమ్మ ఆ వందలో ఏ వరుసలో ఉంటుందో ఏ డాక్టరూ చెప్పలేడు. చెప్పగలిగింది ఒకటే: ఈ కీలు ఎన్నేళ్ల నుంచి వాడుకలో ఉంది, ఇప్పటిదాకా ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అడగాల్సిన ప్రశ్న అది. ధర కాదు.

"డాక్టర్‌ను ప్రశ్నిస్తామా, ఏమనుకుంటడో" అంటారు మన ఇళ్లల్లో. వంకాయను అటూ ఇటూ తిప్పి చూడనిదే సంచిలో వేసుకోం కదా అక్కలారా! అడగడం అవమానం కాదు. మంచి డాక్టర్ అయితే సంతోషంగా చెప్తాడు.

ప్రతి ఇంప్లాంట్ డబ్బాలో అంటించే స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ, సైజు, లాట్ నంబరు వాటి మీద ఉంటాయి. ఒకటి ఆస్పత్రి ఫైల్లోకి పోతుంది. ఇంకొకటి మీ చేతికి రావాలి. డిశ్చార్జ్ కాగితం మీద అంటించమనండి. ఫోన్లో ఫోటో తీసి కూతురికి, కోడలికి పంపండి. అంటించేదాకా బిల్లు కౌంటరు దగ్గర్నుంచి కదలకండి. అసలు ఇది మనం అడుక్కోవాల్సింది కాదు. ప్రతి ఆస్పత్రీ ఇచ్చి తీరాలని, ప్రతి కీలూ రిజిస్ట్రీలో ఎక్కాలని ప్రభుత్వమే గట్టిగా నియమం పెట్టాలి. స్వీడన్ ఆ పని 1979లోనే మొదలుపెట్టింది.

అంజన్న గుడి మెట్లు ఒక్కసారన్నా ఎక్కాలని అత్తమ్మకు ఆశ. వచ్చే నెల మళ్లీ ఆపరేషన్. ఈసారి వరండాలో నేనూ నిలబడతా. స్టిక్కర్ కోసం స్వీట్ల డబ్బాలో చోటు ఇప్పటికే ఖాళీ చేసి పెట్టాను.