శాతం సరే, రేపటి సంగతేమిటి?

రెండేళ్లు నిండినా పిల్లాడికి మాటలు రాలేదంటే మన ఇళ్లలో ముందు వినిపించేది 'వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే' అనే. ఆ తర్వాత నింద కోడలి మీదకి మళ్లుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందేమోనని ఆరాలు! ముందు చెవులు వినిపిస్తున్నాయో లేదో చూపిద్దామని అనేవాళ్లు తక్కువ.

దారి లేక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీల్లో ఆరేళ్లలోపు పిల్లల్ని వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు చూడాలి. అనుమానముంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. తిరువనంతపురంలో తయారై 1991లో వెలువడిన పట్టిక ఒకటుంది. నవ్వితే నవ్వడం, మెడ నిలపడం వంటి 17 అంశాలతో రెండేళ్లలోపు బిడ్డని ఆరోగ్య కార్యకర్త కొద్ది నిమిషాల్లో చూసేయొచ్చు. అయితే ఇది జల్లెడ పట్టడమే. వివరమైన పరీక్ష వేరు. ముప్ఫై నెలల వరకు వాడే బరోడా కొలమానంలో కదలికలకి 67, బుద్ధి వికాసానికి 163 అంశాలున్నాయి.

మన దగ్గర చిక్కెక్కడంటే, పరీక్ష అనగానే అందరి కళ్లూ సర్టిఫికెట్ మీదే. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా సదుపాయాలకి 40 శాతం ఉండాలి. ఆ కాగితం అవసరమే, కాదనను. కానీ 'అరవై శాతం' అన్న కాగితం పట్టుకుని ఇల్లు చేరిన తల్లికి, బిడ్డ చేత రేపు ముద్ద ఎలా తినిపించాలో, ఎలా కూర్చోబెట్టాలో ఎవరు చెబుతారు?

కొత్త గదిలో, కొత్త మనుషుల మధ్య పిల్లలు ఏడుస్తారు. అడిగిన పని చెయ్యరు. అదే బిడ్డ ఇంట్లో నాయనమ్మ కొంగు లాగి నీళ్ల బిందె చూపిస్తాడు. అదీ మాటే కదా! తల్లి చెప్పే ఇలాంటి సంగతులు పరీక్షలో భాగం కావాలి. అందుకే వెళ్లేముందు వారం రోజులు వాడు ఏం చేశాడో ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. తండ్రినీ వెంటబెట్టుకు వెళ్లండి. డాక్టరు మాట ఆయన చెవినా పడితే ఇంట్లో సగం వాదనలు తగ్గుతాయి.

కుటుంబం పరిస్థితి కూడా అడగాలంటాను నేను. వారానికి రెండుసార్లు థెరపీకి రమ్మంటే బస్సు ఛార్జీ ఎంత, ఆ రోజు కూలి పోతే ఎలా, పెద్దపిల్ల బడి మానేస్తుందా? దూరం వెళ్లలేని వాళ్లకి అంగన్‌వాడీయే ఆధారం. దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలు ఏం చెయ్యాలో కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. మీ ఊరి టీచరుకి ఆ శిక్షణ అందిందో లేదో ఈ వారమే అడిగి చూడండి.