డెమో క్లాసుని నిర్వచనంతో మొదలెట్టకండి

ఎంఏ సైకాలజీ అయింది, బీఈడీ చేతికొచ్చింది. సీబీఎస్‌ఈ స్కూల్లో పీజీటీ పోస్టుకు దరఖాస్తు పెట్టారు, డెమో క్లాసుకు పిలుపొచ్చింది. బోర్డు మీద రాసే తొలి వాక్యం ఏమిటి? చాలామందికి ఒకటే: 'మనసు, ప్రవర్తనల శాస్త్రీయ అధ్యయనమే సైకాలజీ.' తప్పేం లేదు. కానీ ఆ వాక్యం పూర్తయ్యేలోపే వెనక బెంచీ కిటికీ వైపు తిరిగిపోతుంది.

మన దగ్గర పదో తరగతి తర్వాత అంటే ఎంపీసీ, బైపీసీలే గుర్తొస్తాయి. పదకొండులో సైకాలజీ తీసుకున్న పిల్లలకు ఆ సబ్జెక్టు గురించి పెద్దగా తెలియదు. ఉన్న అంచనా ఒక్కటే, టీచర్ మన మనసులో మాట చదివేస్తారని. దాన్ని పోగొట్టేది ఉపన్యాసం కాదు, చిన్న ప్రయోగం.

మంచం, దిండు, దుప్పటి, కల, ఆవలింత, జోలపాట, గురక, కునుకు, రాత్రి, అలసట. వీటిని నింపాదిగా చదవండి. రెండు నిమిషాలు లెక్కలేవో చేయించి, గుర్తున్న మాటలు రాయమనండి. కొందరు 'నిద్ర' అని కూడా రాస్తారు. మీరు ఆ మాట అననే లేదు! 1959లో జేమ్స్ డీస్ మొదలెట్టిన ఈ పద్ధతిని 1995లో రోడిగర్, మెక్‌డెర్మాట్ మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఇక ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి. రాసినవాళ్లు అబద్ధమాడారా? మరి కోర్టులో సాక్షి మాటో? ఒక్క క్లాసులో వచ్చిన ఫలితం రుజువవుతుందా? పరిశోధనా పద్ధతుల పాఠం అక్కడే మొదలైపోయింది. ఎవరూ 'నిద్ర' రాయకపోయినా కంగారొద్దు, ఎందుకు రాయలేదన్నదీ పాఠమే. అయితే జాబితాను ముందురోజు హాస్టల్ మిత్రుల మీద ఓసారి ప్రయత్నించి వెళ్లండి.

అసలు పరీక్ష పన్నెండో తరగతిలో వస్తుంది. అందులో మానసిక రుగ్మతల పాఠం ఉంది. లక్షణాలు చదవగానే సగం క్లాసు 'ఇవన్నీ నాకూ ఉన్నాయి మేడమ్' అంటుంది. మిగతా సగం పక్కవాడికి జబ్బు పేరు తగిలిస్తుంది. ఈ పాఠాన్ని లక్షణాల పట్టికలా చెబితే ప్రమాదం. ఎంతకాలంగా ఉంది, రోజువారీ పనికి, చదువుకు ఎంత అడ్డొస్తోంది అన్నవి ముందు చెప్పాలి. ప్రాక్టికల్స్‌కి 30 మార్కులున్నాయి. అక్కడ ఒకరి మీద ఒకరు పరీక్షలు చేసుకుంటారు కాబట్టి, పేర్లు రాయకూడదనీ, ఫలితం గురించి బయట మాట్లాడకూడదనీ మొదటి రోజే కచ్చితంగా చెప్పేయాలి.

క్లాసయ్యాక ఒక పిల్ల ఆగిపోతుంది. 'ఎవరికీ చెప్పనంటేనే చెబుతా' అంటుంది. ఆ మాట ఇవ్వకండి. 'నీకు ప్రమాదం అనిపిస్తే సాయం చేయగల పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, అదీ నీతో చెప్పే చేస్తా' అనండి. ఆ తర్వాత ఓపిగ్గా వినండి. పీజీ పట్టా మిమ్మల్ని థెరపిస్టును చేయదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ విడిగా కావాలి. స్కూలు కౌన్సెలర్‌కు, తల్లిదండ్రులకు, అవసరమైతే డాక్టరుకు ఆ పిల్లను చేర్చడమే మీ పని. టెలీ మానస్ నంబరు 14416 క్లాసు గోడ మీద అందరికీ కనపడేలా ఉండాలి.

కొన్ని యాజమాన్యాలు ఇక్కడే లెక్క వేసుకుంటాయి. సైకాలజీ టీచర్ ఉన్నారుగా, కౌన్సెలింగూ ఆవిడే చూసుకుంటారులే అని! ఒక జీతానికి రెండు ఉద్యోగాలన్నమాట. మీ కష్టం సంగతి అలా ఉంచండి, మార్కులు వేసే మనిషి దగ్గరే పిల్లలు మనసు విప్పాలనడం ఏం న్యాయం? ఇంటర్వ్యూలో 'మమ్మల్ని ఏమైనా అడగాలా' అన్నప్పుడు జీతం కన్నా ముందు ఇది అడగండి: స్కూల్లో కౌన్సెలర్ వేరుగా ఉన్నారా, వారానికి ఎన్ని రోజులు వస్తారు?