ప్రశ్నను బట్టే పద్ధతి

క్షయ సోకితే శానటోరియంలో చేరాలి, విశ్రాంతి, బలమైన తిండి ఉండాలి అని వైద్యలోకం గట్టిగా నమ్మిన రోజులవి. రోగులకేమో పడకలు చాలేవి కావు. ఐసోనియాజిడ్, పాస్ మందులు అప్పటికే వచ్చాయి. ఇరుకిళ్లలో అరకొర తిండితో బతికే పేదలు ఇంటిదగ్గరే ఉండి ఆ మందులు వాడితే నయం కాదా? 1956లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం ముందున్న ప్రశ్న ఇది.

శానటోరియంలో ఉన్నవాళ్లనూ ఇంట్లో ఉన్నవాళ్లనూ పోల్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ పడక ఎవరికి దొరికింది? జబ్బు ముదిరినవారికా, పలుకుబడి ఉన్నవారికా? అది తేలకుండా చేసిన పోలిక నిలవదు. అందుకే పరిశోధకులు 193 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, రెండు జట్లకూ ఏడాదిపాటు అవే మందులు ఇచ్చారు. ఇంటి చికిత్స శానటోరియంతో దాదాపు సమానంగా పనిచేసిందని 1959లో ప్రకటించారు. ఇంట్లోవాళ్లకూ ముప్పు పెరగలేదని తేలింది. ఎన్నో దేశాల్లో క్షయ చికిత్స ఇంటిబాట పట్టడానికి ఈ అధ్యయనమే దారి చూపింది.

అలాగని ప్రతి ప్రశ్నకూ లాటరీ కుదరదు. సిగరెట్ తాగమని ఎవరినీ పురమాయించలేం. బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ 1950లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల అలవాట్లను ఇతర రోగుల అలవాట్లతో పోల్చారు. మరుసటి ఏడాది నుంచి బ్రిటిష్ వైద్యులనే ఏళ్లతరబడి గమనిస్తూ వెళ్లారు. అక్కడ పరిశీలనే సరైన దారి. అయితే పరిశీలన ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా. ముట్లుడిగిన స్త్రీలకు హార్మోన్ మాత్రలు గుండెకు మేలు చేస్తాయన్న నమ్మకం కూడా పరిశీలనల మీదే నిలబడింది. అమెరికాలో 16,608 మందితో జరిపిన ట్రయల్ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అందులో గుండెజబ్బు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. తమంతట తాము ఆ మాత్రలు వాడినవారిలో ముందునుంచే ఆరోగ్యం, ఆదాయం మెరుగ్గా ఉన్నవాళ్లు ఎక్కువ కావడం ఆ పొరపాటుకు ఒక కారణం.

ఈ పాఠం మన ఫార్మ్‌డి (ఫార్మసీ డాక్టరేట్ కోర్సు) విద్యార్థులకూ వర్తిస్తుంది. వాళ్లు ఐదో ఏట ఆరునెలల ప్రాజెక్టు చేస్తారు. గడువులోగా ఏది పూర్తవుతుంది, ఏ వార్డులో కేస్‌షీట్లు దొరుకుతాయి అన్న లెక్క ముందు, ప్రశ్న తర్వాత వస్తే శ్రమంతా వృథా అవుతుంది. వార్డులో యాంటీబయాటిక్స్ ఎలా రాస్తున్నారో తెలియాలంటే ఒక్క విడత సర్వే చాలు. అరుదైన దుష్ప్రభావానికి కారణం వెతకాలంటే, అది వచ్చినవారిని రానివారితో పోల్చే కేస్ కంట్రోల్ అధ్యయనం కావాలి. ఫార్మసిస్ట్ కౌన్సెలింగ్‌తో బీపీ తగ్గిందని చెప్పాలంటే మాత్రం, కౌన్సెలింగ్ అందని మరో జట్టు తప్పనిసరి. ఎందుకంటే మొదటిసారి బాగా ఎక్కువగా కనిపించిన బీపీ మళ్లీ కొలిస్తే దానంతటదే కొంత దిగుతుంది. ఆ తగ్గుదలను మన ఖాతాలో వేసుకోకూడదు.

అందుకే గైడ్లు మొదటి వారాలను ప్రశ్నను పదును పెట్టడానికే కేటాయించాలి. ఆరు నెలల్లో జవాబు రాని పెద్ద ప్రశ్నను వదిలి, జవాబు రాగల చిన్న ప్రశ్నను ఎంచుకునే ధైర్యం పిల్లలకు ఇవ్వాలి. రోగులు తమ సమయాన్నీ శరీరాన్నీ నమ్మి మన చేతుల్లో పెడుతున్నారు. ప్రశ్నకు తగిన పద్ధతిని ఎంచుకోవడం ఆ నమ్మకానికి మనం ఇవ్వవలసిన మొదటి గౌరవం.