డబ్బా కాదు, వాటా

అక్టోబరు దగ్గరపడితే మాకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. డీఎస్సీకో గ్రూప్స్‌కో కోచింగ్ తీసుకుంటూ అక్కడి హాస్టళ్ళలో ఉంటున్న మన తమ్ముళ్ళే చేస్తారు. "సార్, ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు పిల్లలతో గిఫ్ట్ బాక్సులు కట్టిస్తున్నారు. మన ఆశ్రమ పాఠశాలకు ఇప్పిద్దామా?" అని అడుగుతారు. ఆ గొంతులో సంతోషం ఉంటుంది. దాన్ని తప్పుపట్టాలంటే మాకూ కష్టమే. అయినా ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాం.

ఈ డబ్బాల పద్ధతి మనది కాదు. బూట్ల డబ్బాల్లో కానుకలు సర్ది వేరే దేశాల పిల్లలకు పంపడం 1990లో వేల్స్‌లో మొదలైంది. మన దేశంలో 2009లో 'జాయ్ ఆఫ్ గివింగ్ వీక్' పెట్టారు. అదే తరువాత 'దాన్ ఉత్సవ్' అయింది. ఇప్పుడు ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు జరుగుతోంది. పట్నం బళ్ళకు అది ఒక కార్యక్రమం, ఒక ఫొటో, మరుసటి ఏడు అడ్మిషన్ల పాంప్లెట్‌లో ఒక మూల.

రెండేళ్ళ కింద మేమూ వెళ్ళాం. భద్రాచలం బస్సులో రాత్రంతా కూర్చుని తెల్లారి ఎల్బీనగర్‌లో దిగాం. స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. ముందర గుట్టగా 160 డబ్బాలు, తళతళలాడే కాగితం చుట్టి, ఒక్కొక్కదాని మీద 'పేద గిరిజన బాలలకు' అన్న చీటీ. ఒక్క డబ్బా మీద కూడా ఏ పిల్లాడి పేరూ లేదు. మా బళ్ళో ఉన్నది 212 మంది. ఈ లెక్క ఎవరూ ముందుగా మమ్మల్ని అడగలేదు. నిజం చెప్పాలంటే మేమూ చెప్పలేదు. శాలువా మెడలో ఉన్నప్పుడు నోరు పెగలదు.

ఊరికి వచ్చాక తెలిసింది అసలు సంగతి. ఒక డబ్బాలో కొత్త రంగుల పెన్సిళ్ళు, బొమ్మ కారు. ఇంకో దాంట్లో సగం అరిగిన రబ్బరు, మూత లేని టిఫిన్ బాక్సు. ఒకదాంట్లో గవ్వలు లేని లూడో. మరోదాంట్లో జరీ ఫ్రాకు, మూడేళ్ళ పాపకు సరిపోయేది, వచ్చింది మాత్రం ఏడో తరగతి అమ్మాయికి. 52 మందికి ఏమీ రాలేదు. ఆ రాత్రి హాస్టల్‌లో ఏడుపులు, కొట్లాటలు. అప్పటిదాకా ఒకే సబ్బు నలుగురు రుద్దుకున్న పిల్లలు వాళ్ళు. మరునాడు పొద్దున మేము డబ్బాలన్నీ విప్పించి, పెన్సిళ్ళు ఒక కుప్ప, పుస్తకాలు ఒక కుప్ప, బొమ్మలు ఒక కుప్ప పోయించాం. బొమ్మలు బడికి, పెన్సిళ్ళు తలా ఒకటి. అప్పుడు గాని సద్దుమణగలేదు. మన ఊళ్ళో వేట మాంసం పంచినట్టే పంచాం. వేటకు పోయినవాడికీ వాటా ఉంటుంది, పోలేని ముసలాయనకూ ఉంటుంది. దాన్ని ఎవరూ దానం అనరు.

ఒక డబ్బాలో ఉత్తరం దొరికింది. నాలుగో తరగతి పిల్లవాడు రాసింది. 'మీరు చెట్ల మీద ఉంటారా? మీకు అన్నం దొరుకుతుందా? భయపడకండి' అని. ఆ పిల్లవాడి మీద మాకు కోపం లేదు. వాడు అడిగాడు, అంతే. వాడికి ఆ మాట చెప్పినవాళ్ళ మీదే కోపం. మా పిల్లలు పడీపడీ నవ్వి, జవాబు రాస్తామన్నారు. ఇరవై ఉత్తరాలు రాశారు. ఇంటికి, వాగుకు, విప్పపువ్వుకు కోయలో ఏమంటారో తెలుగు అక్షరాల్లో రాసి పెట్టారు. ఒకడు 'నీకు ఈత వచ్చా?' అని ఎదురడిగాడు. ఆ ఉత్తరాలు ఆ బడికి పంపాం. జవాబు రాలేదు. "పిల్లలు బాక్సులు పట్టుకుని నవ్వుతున్న ఫొటోలు పంపండి" అని మాత్రం రెండుసార్లు ఫోన్ వచ్చింది.

తమ్ముళ్ళారా, ఇక్కడే మనం నిలబడి ఆలోచించాలి. 'అవసరంలో ఉన్న పిల్లలు' అని చీటీ ఎవరి నెత్తిన అంటిస్తున్నాం? మన పిల్లలకు పుస్తకాలు, యూనిఫాం ఎవరి దయ వల్లా రావడం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వస్తున్నాయి. 2017లో తెలంగాణ తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్టీల కోసం కేటాయించి ఖర్చు పెట్టని డబ్బును తరువాతి ఏడాదికి కలపాలంటుంది. 2024లో హాస్టళ్ళ డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. 8 నుంచి 10 తరగతుల పిల్లకు నెలకు 1,540 రూపాయలు. ఆ పెంపు పిల్లల కంచంలో కనబడుతోందా అని ఎంతమందిమి మెనూ బోర్డు ముందు నిలబడి అడిగాం? డబ్బాలకు కట్టిన రిబ్బను మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ బోర్డు మీద పెట్టలేదు.

అన్నిటికంటే పెద్దది మాష్టారి సంగతి. మాలో చాలామందికి టీటీసీ చదివాక ఉద్యోగం వచ్చింది 2000 జనవరి 10న ఇచ్చిన జీవో 3 వల్లే. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్నది ఆ జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకటో తరగతిలో చేరిన కోయ పాపకు తన మాట తెలిసిన టీచరు దొరకడం మళ్ళీ అదృష్టం మీదికి పోయింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటుంది. గోండు గూడేల్లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకే టీచరు శిక్షణ ఇప్పించిన 1940ల నాటికే ఇది తెలిసిన విషయం. ఏ రంగుల కాగితం చుట్టినా ఈ లోటు డబ్బాలో పట్టదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో పోతుంటే మధ్యలో విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వస్తుంది. నిజాం కాలంలో అనాథ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమం పేరు అది. రాణి పేరు స్టేషన్ మీద ఉంది. అక్కడ పెరిగిన ఏ పిల్లాడి పేరూ లేదు. ఆ పక్కనే సరూర్‌నగర్ స్టేడియం. 2017 డిసెంబరు 9న ఆదివాసీ అస్తిత్వ పోరాట గర్జనకు మన జనం అక్కడికే వచ్చారు. వాళ్ళలో ఎవరూ డబ్బా అడగడానికి రాలేదు.

ఇంకో మాట. ఆ డబ్బాలు కట్టిన బడి పక్క అపార్టుమెంటు సెల్లారు గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంది. తండా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ పాప బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి, మా డబ్బాలు వ్యానెక్కడం చూసింది. మూడు వందల కిలోమీటర్ల అవతలి పేదరికం బాగా కనబడుతుంది మరి! గేటు దగ్గరిది కనబడదు.

ఇచ్చేవాళ్ళందరూ ఇంతే అనడం లేదు. గూంజ్ సంస్థ పెట్టి 2015లో మెగసెసే అందుకున్న అంశు గుప్తా చేస్తున్న పని చూడండి. ఊరివాళ్ళు తమకు కావలసిన బావో దారో తామే బాగుచేసుకుంటారు. బట్టలు ఆ కష్టానికి ప్రతిఫలంగా వస్తాయి. అక్కడ తీసుకునేవాడు తల వంచనక్కరలేదు.

కాబట్టి ఈ ఏడు ఎవరైనా సేకరణకు బయలుదేరితే ముందు మా దగ్గరికి రండి. మా బళ్ళో ఏం లేవో పిల్లలే కూర్చుని రాస్తారు. పోయినసారి వాళ్ళతో రాయిస్తే మొదట వచ్చినవి దోమతెరలు, టార్చిలైటు, వాలీబాల్. బొమ్మ కారు ఎవరూ రాయలేదు. వస్తువు ఏదైనా బడి పేరుతో రావాలి, అందరికీ సరిపడా రావాలి. లేకపోతే వద్దు. 'పేద' అన్న చీటీ ఉంటే బస్సెక్కించకండి. పిల్లల ఫొటో అడిగితే ఖాళీ డబ్బాల ఫొటో పంపుతాం. ఆ ఎల్బీనగర్ బడికి వెళ్ళే తమ్ముడు ఎవరైనా ఉంటే, మా పిల్లల ఇరవై ఉత్తరాలు ఆ నాలుగో తరగతి పిల్లవాడికి చేరాయో లేదో కనుక్కోండి. ఇప్పుడు వాడు ఆరులో ఉంటాడు. ఈత వచ్చో రాదో మావాళ్ళు ఇంకా అడుగుతున్నారు.