చపాతీ మానకముందే పరీక్ష

మాదాపూర్ మైండ్‌స్పేస్ ఐటీ పార్కులో మధ్యాహ్నం ఏ ఫుడ్‌కోర్టులో కూర్చున్నా ఈ సలహా చెవిన పడుతుంది: "కడుపుబ్బరమా? గోధుమ మానేసి చూడు. తగ్గితే గ్లూటెన్ పడనట్టే. దానికి టెస్టులెందుకు, డబ్బు దండగ." మంచి మనసుతో చెప్పే మాటే. కానీ తప్పు మాట, మనుషులకు హాని చేసే మాట.

మా టీములో ఒకమ్మాయి అలాగే చేసింది. ఏడాదిగా నీరసం, విరేచనాలు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా పెరగని హిమోగ్లోబిన్. చపాతీ, బ్రెడ్డు మానేశాక నెలలో కుదుటపడింది. చాలాకాలానికి డాక్టరు దగ్గరికి వెళ్తే, "మానకముందు పరీక్ష చేయించారా?" అని అడిగారు. లేదు. మళ్లీ కొన్ని వారాలు రోజూ గోధుమ తిని రమ్మన్నారు. ఆ రోజుల్లో ఆమె టిఫిన్ డబ్బాలో రెండు చపాతీలుండేవి. ముక్క తుంచి, చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకునే ముందు కాసేపు ఆగేది. పదిరోజులకే తట్టుకోలేక వదిలేసింది. తనకున్నది సీలియాక్ జబ్బో కాదో ఈరోజుకీ తెలియదు.

సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. రక్తంలో టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీని కొలిచి దీన్ని అనుమానిస్తారు. కొందరికి ఐజీఏ మొత్తమే తక్కువ ఉంటుంది కాబట్టి దాన్నీ చూడాలి. తేడా ఉంటే ఎండోస్కోపీ చేసి, పేగులోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. గోధుమ మానేస్తే యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మానుతుంది. ఆ తర్వాత రిపోర్టు నార్మల్ అని వచ్చినా జబ్బు లేదని నమ్మడానికి లేదు.

"అన్నం తినేవాళ్లం, మనకు అదెందుకొస్తుంది?" అనేవాళ్లూ ఉన్నారు. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో 23 వేల మందికి పైగా భారతీయులను పరీక్షించారు. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించాయి. నిజమే, మన దగ్గర తక్కువ. కానీ ఆ జబ్బుకు తావిచ్చే జన్యువులు రెండుచోట్లా మూడోవంతుకు పైగా మందిలో ఉన్నాయి. పెద్ద తేడా కనిపించింది కంచంలో: అక్కడ రోజుకు 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు. పొద్దున బ్రెడ్డు, సాయంత్రం పఫ్, షుగరు భయంతో రాత్రి చపాతీ తినే మాదాపూర్ మనిషిది ఏ కంచం? ఆ పక్క సీట్లో కూర్చున్న హర్యానా కుర్రాడి సంగతేమిటి?

జబ్బు ఉంటే చపాతీ ఒక్కటే మానితే చాలదు. వంటింట్లో ఇంగువ డబ్బా తిప్పి చదవండి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలిసి ఉంటుంది. రంజాన్ హలీంలో గోధుమలే. సోయాసాస్‌లోనూ చాలావరకు గోధుమే. జీవితాంతం ఇంత కట్టడిగా ఉండాలంటే, ఎందుకు ఉంటున్నామో రూఢిగా తెలియాలి. జబ్బు లేకపోతే ఆ బాధ గోధుమలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థాల వల్ల కావచ్చు. అవి ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటాయి, మరి గోధుమ ఒక్కటే మానితే సరిపోతుందా?

కడుపుబ్బరం వచ్చిన ప్రతివాళ్లూ ల్యాబుకు పరిగెత్తమని నేననడం లేదు. ఆగని విరేచనాలు, తగ్గుతున్న బరువు, మాత్రలకు లొంగని రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా సీలియాక్ ఉండటం, వీటిలో ఒక్కటున్నా ఆలస్యం చేయకండి. వందల పదార్థాలకు ఐజీజీ యాంటీబాడీలు చూస్తామనే ప్యాకేజీలకు మాత్రం డబ్బు పోయకండి. అవి సీలియాక్‌ను తేల్చవు, ఏ తిండి పడదో కూడా తేల్చవని అలర్జీ నిపుణుల సంఘాలే చెప్పాయి.

ఆ అమ్మాయి తమ్ముడికి ఈమధ్య రక్తం తగ్గింది. మొన్న శనివారం వాడికి ఇంట్లోనే చపాతీలు చేసిపెట్టి, దగ్గరుండి తినిపించి, పరీక్షకు తీసుకెళ్లింది.